యూజీన్ స్మిత్ ప్రింట్లు: చేతిపని ఎక్కడ ఆగాలి?

నెగటివ్‌పెట్టె:
ఆఫ్రికాలోని లాంబరేనేలో అమెరికన్ పత్రికా ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ తీసిన డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ ఫొటో (1954) చూసే ఉంటారు. కింద కుడి మూలన నల్లగా కనబడే రంపం పిడి, చెయ్యి ఆ నెగటివ్‌లోవి కావు. వేరే నెగటివ్ నుంచి తెచ్చి కలిపాడు, లైఫ్ పత్రిక పాఠకులకు చెప్పలేదు. నా లెక్కలో అది డాక్యుమెంటరీ ఫొటో, అంటే ఉన్నదున్నట్టు చూపే ఫొటో, కాదు.

హైపోట్రే:
రంపం సంగతి ఒప్పుకుంటానండీ. కానీ స్మిత్ చేసిన బ్లీచింగును కూడా దానితో ఒకే గాటన కట్టకండి. అది చీకట్లో మునిగిపోయిన ముఖాన్ని పైకి తేవడం, అంతే. హైపో అనే మందులో ఫిక్స్ చేసి (బొమ్మ ఇక మారకుండా నిలిపి) కడిగిన ప్రింటు మీది తడి అద్దేసి, పొటాషియం ఫెర్రిసైనైడ్‌ను లేత పసుపు రంగొచ్చేంత పలచన చేసి సన్న కుంచెతో రాస్తారు. నల్లటి వెండి కరిగే ఉప్పుగా మారుతుంది, మళ్లీ హైపోలో వేస్తే పోతుంది. కావాల్సిన తెలుపుకి కాస్త ముందే ఆపి నీళ్లలో పెట్టాలి, హైపోలో పడ్డాక ఇంకొంచెం తెల్లబడుతుంది కాబట్టి. మందు చిక్కనైతే పసుపు మరక. కారిందంటే చెంప మీద తెల్ల చార. కుంచెకి ఇనుప పట్టీ ఉంటే నీలి మచ్చలు. పోయిన వెండి తిరిగి రాదు, మొదటి నుంచి ఇంకో ప్రింటు వేసుకోవాల్సిందే. ఇంత కష్టపడేది ఉన్నది కనబడ్డానికే.

మసకవెలుగు:
ఉన్నదే అంటున్నారు కదా, 1950లో స్పెయిన్‌లోని డెలెయితోసా పల్లెలో తీసిన, 1951లో లైఫ్‌లో వచ్చిన శవజాగారం ప్రింటు దగ్గరగా చూడండి. నెగటివ్‌లో ఇద్దరు ఆడవాళ్లు కెమెరా వైపు చూస్తున్నారు. స్మిత్ ఆ కళ్లను ముందు నల్లగా ప్రింటు వేసి, తర్వాత కుంచె మొనతో బ్లీచి పెట్టి కొత్త తెల్లగుడ్డు తెచ్చాడు. చూపు కిందికీ పక్కకీ మళ్లింది. మీరు చెప్పిన కుంచే, మీరు చెప్పిన మందే. కానీ ఆ చూపు లెన్సు ముందు లేదు.

హైపోట్రే:
ఆ కళ్ల దగ్గర నా వాదన నిలబడదు, నిజమే. మందుని బట్టి గీత గీయలేం. మరి అదే ఏడు లైఫ్‌లో వచ్చిన మంత్రసాని మాడ్ కాలెన్ కథనం మాటేమిటి? ప్రింటు కోసం స్మిత్ పడిన తపన వల్లే కదా పాఠకులు కదిలి డబ్బు పంపింది, సౌత్ కరోలినాలో ఆమెకి క్లినిక్ కట్టింది.

నెగటివ్‌పెట్టె:
వాళ్లు డబ్బు పంపింది ఆ ఫొటోలు నమ్మే కదండీ. అందుకే ఈ పట్టుదల. ష్వైట్జర్ ఫొటో కింద "రెండు నెగటివ్‌ల ప్రింటు" అని మూడు ముక్కలు రాసుంటే నాకు ఏ పేచీ లేదు.