స్టోరేజ్ డ్రైవర్‌లో డిఫ్/డిక్స్ పారామీటర్ ఉంచాలా, పీకేయాలా?

స్కజీ_సూరి:
లినక్స్‌లో నడిచే ఫైబర్ ఛానల్ హెచ్‌బీఏ (సర్వర్‌ని స్టోరేజ్‌కి కలిపే కార్డు) డ్రైవర్ సంగతి. టీ10 పీఐని (డేటా దారిలో చెడిందేమో పట్టే తనిఖీ బైట్ల పద్ధతి, డిఫ్, డిక్స్ తనిఖీలు దీనితోనే) ఆన్, ఆఫ్ చేయడానికి ఒక మాడ్యూల్ పారామీటర్ (డ్రైవర్ లోడయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగ్) ఉంది. "డిస్కు పీఐతో ఫార్మాట్ అయిందో లేదో రీడ్ కెపాసిటీ 16 (డిస్కు వివరాలు అడిగే స్కజీ కమాండ్) లోనే తెలుస్తుంది, ఇంకా ఈ స్విచ్ ఎందుకు?" అని రివ్యూలో అడుగుతున్నారు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోట) రీడ్ వెరిఫై (చదివేటప్పుడు తనిఖీ), రైట్ జనరేట్ (రాసేటప్పుడు తనిఖీ బైట్ల తయారీ) స్విచ్‌లు ఎలాగూ ఉన్నాయి. తీసేస్తే ఇబ్బందేమైనా ఉందా?

బ్లాక్‌లేయర్_బాబాయ్:
ఉందండీ. ఆ రెంటికీ 0 రాస్తే ఆగేది డిక్స్ ఒక్కటే, అంటే కెర్నల్‌కీ కార్డుకీ మధ్య తనిఖీ. కార్డుకీ డిస్కుకీ మధ్య డిఫ్ నడుస్తూనే ఉంటుంది: రాసేటప్పుడు ప్రతి 512 బైట్లకీ కార్డే 8 బైట్లు (చెక్‌సమ్ ఉండే గార్డ్ 2, అప్లికేషన్ ట్యాగ్ 2, రిఫరెన్స్ ట్యాగ్ 4) తగిలించి పంపుతుంది, చదివేటప్పుడు సరిచూసి ఊడదీస్తుంది. ఫర్మ్‌వేర్‌లో ఆ లెక్కే తప్పిందనుకోండి, మంచి డేటాకి కూడా ఐఓ ఎర్రర్లు వస్తాయి. అప్పుడు పారామీటర్ ఆఫ్ చేసి బూట్ చేస్తే సరి. టైప్ 1 (పీఐ మూడు రకాల్లో మొదటిది) డిస్కులో డేటా ఎక్కడికీ పోదు. ఆర్‌డీప్రొటెక్ట్ (రీడ్ కమాండ్‌లో పీఐ కావాలో వద్దో చెప్పే ఫీల్డ్) 0తో అడిగితే డిస్కు మామూలు 512 బైట్లే ఇస్తుంది.

పేజ్‌క్యాష్_పద్మ:
స్కజీ డిస్కు కింద ప్రొటెక్షన్ టైప్ ఫైలుకి 0 రాయొచ్చు కదా?

బ్లాక్‌లేయర్_బాబాయ్:
రాయొచ్చు. డిస్కు రీస్కాన్ కాగానే పాత విలువ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రూట్ డిస్కైతే ఆ ఫైలు దాకా కూడా వెళ్లలేరు, పార్టిషన్ టేబుల్ చదవడంలోనే ఆగిపోతుంది.

పేజ్‌క్యాష్_పద్మ:
అయితే ఉంచండి కానీ ఉత్త 0/1గా కాదు. బిట్‌మాస్క్ (ఒక్కో బిట్ ఒక్కో స్విచ్‌గా ఉండే అంకె) చేయండి: డిఫ్ టైప్ 1, 2, 3కి 1, 2, 4, డిక్స్ టైప్ 0 నుంచి 3 దాకా 8, 16, 32, 64. డీఫాల్ట్ 7, అంటే డిఫ్ ఆన్, డిక్స్ ఆఫ్. ఎంపీటీ3శాస్ (శాస్ కార్డుల) డ్రైవర్‌లోనూ, డిఫ్ బిట్ల వరకు, ఇలాంటి మాస్కే ఉంది. డిక్స్‌లో గార్డ్‌ని కెర్నల్ ముందే లెక్కేస్తుంది. డైరెక్ట్ ఐఓ (పేజ్ క్యాష్‌ని తప్పించి నేరుగా డిస్కుతో రాత, చదువు) చేసే ప్రోగ్రామ్ ఆ బఫర్‌ని మధ్యలో మార్చిందా, గార్డ్ చెక్ ఫెయిల్, సెన్స్ కోడ్ (స్కజీ ఎర్రర్ కోడ్) హెక్స్‌లో 10/01. పేజ్ క్యాష్‌కి (కెర్నల్ మెమరీలో ఉంచుకునే ఫైళ్ల కాపీ) స్టేబుల్ పేజీల (రాత పూర్తయ్యేదాకా పేజీని మార్చనివ్వని ఏర్పాటు) కాపలా ఉంది, డైరెక్ట్ ఐఓకి లేదు. ఒట్టి డిఫ్ అయితే డేటా కార్డులోంచి వెళ్తున్నప్పుడే లెక్క కడుతుంది కాబట్టి ఈ గొడవ రాదు.

పారామీటర్‌కి అనుమతి 0444 (చదవడానికి మాత్రమే) పెట్టండి. హోస్ట్‌ని (అంటే కార్డుని) స్కజీ లేయర్‌కి యాడ్ చేయకముందే మాస్క్ చెప్పాలి. ఆ తర్వాత మార్చనిస్తే లేనిపోని బగ్ రిపోర్టులు.

స్కజీ_సూరి:
కార్డు లేకుండా టెస్ట్ చేయడం ఎలా? ఇంకోటి, పారామీటర్లు రాసే మోడ్‌ప్రోబ్ ఫైల్లో మార్చినా పాత విలువే కనిపిస్తోంది.

బ్లాక్‌లేయర్_బాబాయ్:
స్కజీ డీబగ్ (మెమరీలో ఉత్తుత్తి డిస్కు సృష్టించే) మాడ్యూల్‌ని డిఫ్=1, డిక్స్=1తో లోడ్ చేయండి, హోస్ట్ కింద ప్రాట్ కేపబిలిటీస్‌లో 17 (డిఫ్ టైప్ 1కి 1, డిక్స్ టైప్ 1కి 16) రావాలి. మీ కార్డు పరీక్షకి మాత్రం అది చాలదు. రెండోది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్ ఇమేజ్) పని. డ్రైవర్ అందులోంచే లోడవుతోంది, డ్రాకట్‌తో ఇమేజ్ మళ్లీ కట్టి రీబూట్ చేయండి.