ఐదో నెలలో యాంటీబయాటిక్: వేసుకోవాలా, బార్లీ నీళ్లు చాలా?

కొత్తకోడలు_తణుకు:
యూరిన్ కల్చర్‌లో ఈ.కోలి అనే బాక్టీరియా వచ్చింది. డాక్టరమ్మ సెఫాలెక్సిన్ అనే యాంటీబయాటిక్ ఏడు రోజులు రాశారు. నాకు మంట లేదు, జ్వరం లేదు. ఏ బాధా లేనప్పుడు కడుపుతో ఉన్నదానికి మందేంటని అత్తయ్య స్ట్రిప్ తీసి దాచేశారు. పూటపూటా బార్లీ నీళ్లు ఇస్తున్నారు. ఎవరైనా వాడారా?

గోదారి_గట్టు:
మీ అత్తయ్య మాటే వినండి. థాలిడోమైడ్ అనే మందు కూడా సేఫ్ అనే అమ్మారు, వేవిళ్లకని మింగించారు. 1957లో జర్మనీలో మొదలైతే 1961 చివరికి గానీ ఆపలేదు. ఈలోపు వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు.

ఫార్మసీ_బాబాయ్:
థాలిడోమైడ్ యాంటీబయాటిక్ కాదమ్మా. కడుపులో బిడ్డకు ఏమవుతుందో సరిగా చూడకుండానే అమ్మేశారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి ఈ ఆధారాలు చాలవని అనుమతి ఇవ్వలేదు. సెఫాలెక్సిన్, అమాక్సిసిలిన్ దశాబ్దాలుగా గర్భిణులకు ఇస్తున్నవే.

బాధ లేదన్నారు కదా, మామూలు మనిషికైతే వదిలేస్తారు. గర్భిణికి వదలరు. ఈ టైమ్‌లో మూత్రనాళాలు వదులై మూత్రం నెమ్మదిగా కదిలి నిలవుంటుంది, ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కడం తేలిక. ఎక్కితే చలిజ్వరం, ఆసుపత్రిలో సెలైన్లు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చే ప్రమాదం. బార్లీ నీళ్లు తాగండి, తప్పు లేదు. మందు పని మాత్రం అవి చెయ్యవు.

సిద్దిపేట_సిరి:
మా అక్కకు కడుపుతో ఉన్నప్పుడు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వద్దన్నారు. అన్నీ ఒకటి కాదు.

ఫార్మసీ_బాబాయ్:
నిజమే. నాలుగో నెల దాటాక డాక్సీసైక్లిన్ రకం మందులతో బిడ్డ పాలపళ్లకు మరక పడొచ్చు. కానీ జనం భయపడాల్సిన వాటికి భయపడరు. నడుం నొప్పికని ఐబుప్రొఫెన్ కలిసిన బిళ్లలు అడిగి మరీ పట్టుకెళ్తారు. 20 వారాలు దాటాక అది బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గిపోవచ్చు.

డల్లాస్_రావు:
గర్భిణులకు మందు ఎంత సేఫో అమెరికాలో అక్షరాలతో చెప్తారు కదా, ఆ ఎ, బి, సి, డి, ఎక్స్‌లలో సెఫాలెక్సిన్‌ది ఏ అక్షరం? అది చెప్పకుండా ఇంత ఉపన్యాసమా?

ఫార్మసీ_బాబాయ్:
బి. ఆ అక్షరాలను మీ అమెరికాలోనే 2015 నుంచి లేబుళ్లలో తీసేస్తూ వచ్చారు.

డల్లాస్_రావు:
బి అంటే ఎ కాదన్నమాట. నోటెడ్.

గోదారి_గట్టు:
నొప్పి బిళ్లలు పట్టుకెళ్తారంటున్నారు, అమ్మేదెవరు బాబాయ్ గారూ?

ఫార్మసీ_బాబాయ్:
మా షాపులో చీటీ లేనిదే ఇవ్వం. మీలాంటివాళ్ల సలహాలు వినే కిడ్నీ దాకా తెచ్చుకుంటున్నారు. తెలియనప్పుడు ఊరుకోండి.

గోదారి_గట్టు:
నాకు తెలియదా? తొలిచూలుకు మూడో నెలలో జ్వరం వస్తే డాక్టరు రాసిన బిళ్లలే వేసుకున్నా. ఆ నెల్లోనే కడుపు పోయింది. మందు వల్లేనని ఏ డాక్టరూ అనలేదు. ఇంట్లో మాత్రం "బిళ్లలు మింగి పోగొట్టుకుంది" అన్నారు. ఇప్పటికీ నలుగురు చేరితే అంటారు. మింగకుండా పోయుంటే దేవుడి మీదకు పోయేది. మింగాను కాబట్టి నా మీదకొచ్చింది. రేపు ఏదైనా తేడా వస్తే ఆ పిల్ల పక్కన మీరొచ్చి నిలబడతారా?

ఫార్మసీ_బాబాయ్:
అయ్యో తల్లీ. అది వేరే విషయం.

వార్డు_సిస్టర్:
వేరే విషయం కాదండీ, గొడవంతా అదే. చలిజ్వరంతో మా ప్రసూతి వార్డుకొచ్చేవాళ్ల ఫైల్లో మందు రాసే ఉంటుంది. అడిగితే "ఇంట్లో వద్దన్నారు" అంటారు. ఆ పిల్లకు తెలియక కాదు, మాట పడాల్సి వస్తుందని.

తణుకు చెల్లీ, రిపోర్టు పట్టుకుని అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లు. ఆవిడ ముందే డాక్టరమ్మతో చెప్పించు. ఈ మందు పెన్సిలిన్‌కు దగ్గరిదే, అది ఎప్పుడైనా పడకపోయుంటే ముందే చెప్పు. కోర్సు అయ్యాక మళ్లీ కల్చర్ చేయించుకో.

గోదారి_గట్టు:
చెప్పడానికి వాళ్లకు తీరికేది? తలెత్తి చూడకుండా రాసిస్తారు. ఈ మందు ఎందుకు ఇస్తున్నారో, మానేస్తే ఏమవుతుందో తెలుగులో రెండు లైన్లు రాసి సంతకం పెట్టమనండి. అప్పుడు నేనూ వేసుకోమనే అంటా.

ఫార్మసీ_బాబాయ్:
ఓపీలో వందమంది ఉంటే ఎవరు రాస్తారమ్మా?

గోదారి_గట్టు:
మాటలు పడటానికి మాత్రం మేమున్నాం.

కొత్తకోడలు_తణుకు:
అక్కా, డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. అత్తయ్య నాలుగు ప్రశ్నలు అడిగారు, ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఇవాళే మొదలుపెట్టమన్నారు. తినకముందు వేసుకోవాలా, తిన్నాకా?

ఫార్మసీ_బాబాయ్:
ఎప్పుడైనా ఫర్వాలేదు. తిన్నాక అయితే కడుపులో తిప్పదు. మధ్యలో మానకమ్మా.