పోడు దరఖాస్తు కొట్టేశామని నోటిమాటగా చెప్పారు, ఏం చేయాలి?

గట్టుదాపు: మన్యంలో ఒక ఎస్టీ కుటుంబానికి సుమారు మూడెకరాల పోడు (అడవి కొట్టి సాగు చేసుకుంటున్న భూమి) ఉంది. దానికి అటవీ హక్కుల చట్టం కింద పట్టా కోసం దరఖాస్తు పెట్టారు. గ్రామసభ తీర్మానం చేసి పైకి పంపింది. ఇప్పుడేమో "శాటిలైట్ ఫొటోలో సాగు కనిపించలేదు, సబ్ డివిజన్ కమిటీ (గ్రామసభ పంపిన దరఖాస్తులు పరిశీలించే అధికారిక కమిటీ) కొట్టేసింది" అంటున్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. దరఖాస్తు పెట్టిన భర్త చనిపోయాడు. భార్య మళ్లీ కొత్తగా పెట్టుకోవాలా?

కొండవాగు: కొత్తది వద్దు, పాత ఫైలు మీదే కొట్లాడండి. తిరస్కరిస్తే కారణాలు రాసి, దరఖాస్తుదారుకు నేరుగా తెలియజేయాలని అటవీ హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లో 12ఏ నియమం చెబుతోంది. సబ్ డివిజన్ కమిటీ నిర్ణయం మీద జిల్లా కమిటీకి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. గ్రామసభ తీర్మానం, సర్వే స్కెచ్, కమిటీ మినిట్స్ నకళ్ల కోసం సమాచార హక్కు కింద అడగండి. కానీ ఆ జవాబుకే 30 రోజులు పడుతుంది, దాని కోసం ఆగొద్దు. "నిర్ణయం నాకు రాతపూర్వకంగా అందలేదు" అని మొదటి వాక్యంలోనే రాసి అప్పీలు ఇచ్చేయండి, రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి. ఈ రసీదు లేకపోతే కేసు చెడొచ్చు.

చింతతోపు: ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. ఇదీ 12ఏలోనే ఉంది. సాక్ష్యం అసంపూర్తిగా ఉందనిపిస్తే కమిటీ కొట్టేయకూడదు, గ్రామసభకు తిప్పి పంపాలి. అప్పీల్లో అదే అడగండి.

సాగు చేస్తున్నారనడానికి సాక్ష్యం ఒక్కటి చాలదు, కనీసం రెండు చూపించండి. పెద్దవాళ్ల వాంగ్మూలం ఒకటి, అయితే అది దరఖాస్తుదారుది కాకూడదు. చదును చేసిన మడి, గట్లు, రాతి కట్టలు కూడా సాక్ష్యమే. 2005 డిసెంబర్ 13కు (చట్టం పెట్టిన కటాఫ్ తేదీ) ముందు పోడు కొట్టారని ఫారెస్టు వాళ్లు పెట్టిన కేసులో కోర్టు కాగితం దొరికితే అదీ గట్టి సాక్ష్యమే. వేధించడానికి పెట్టిన కేసే చివరికి అక్కరకొస్తుంది!

సర్వే రోజు ఫారెస్టు, రెవెన్యూ వాళ్లు వచ్చారా? రాకుండా ఉండి తర్వాత అభ్యంతరం చెబితే ఫైలు గ్రామసభకు తిరిగొచ్చి మళ్లీ పరిశీలన జరగాలి. రెండోసారీ రాకపోతే గ్రామసభ మాటే ఖాయం.

కొండవాగు: భర్త సంగతి మర్చిపోయాను. హక్కు వారసులకు వస్తుంది కాబట్టి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం జోడించి ఆమె పేరు మీదే అప్పీలు వేయండి. భార్యాభర్తలిద్దరూ ఉంటే పట్టా ఇద్దరి పేర్ల మీదా రావాలి. ఈ భూమి అమ్మడానికి వీల్లేదు. పరిమితి 4 హెక్టార్లు, కానీ ఇచ్చేది సాగులో ఉన్నంత మేరకే. స్కెచ్‌లో విస్తీర్ణం తగ్గించి గీశారేమో టేపు పట్టి చూసుకోండి.

గట్టుదాపు: ఈలోగా ఖాళీ చేయమంటే?

చింతతోపు: గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా తొలగించకూడదు, అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5). ఆ సెక్షన్ రాసిన అర్జీ, అప్పీలు రసీదు జిరాక్సు చేతిలో ఉంచుకోమనండి.