అమ్మమ్మల వరస వెతకడం: రెండు రిపోర్టులు రెండు శాఖలు చెబితే ఏది నమ్మాలి?

ప్రశ్న (చెన్నై, వేళచ్చేరి)

అమ్మ తరఫు మైటోకాండ్రియా డీఎన్ఏ (తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే డీఎన్ఏ) గురించి సందేహం. పాత రిపోర్టులో హెచ్‌వీఆర్1 భాగం (అందులో ఎక్కువగా మారే చిన్న ముక్క) మాత్రమే చదివి 16129ఏ, 16223టీ, 16519సీ అని ఇచ్చారు (అంకె స్థానం, పక్కది అక్కడ మారిన డీఎన్ఏ అక్షరం). కింద ‘ఐ శాఖ, యూరప్ మూలం’ అని రాశారు (శాఖ అంటే ఒకే తల్లి వరస నుంచి వచ్చిన కొమ్మ). ఈమధ్య మొత్తం జీనోమ్ 30ఎక్స్ (ఒక్కో చోటునూ సగటున ముప్పైసార్లు చదవడం) చేయించాం. ఆ వీసీఎఫ్ ఫైలు (మార్పుల జాబితా) హాప్లోగ్రెప్‌లో (శాఖ చెప్పే ప్రోగ్రాంలో) వేస్తే ఇంకేదో శాఖ వస్తోంది, నాణ్యత 0.6 దగ్గరే ఆగిపోతోంది (1 అంటే పూర్తిగా సరిపోయినట్టు). అమ్మమ్మ తల్లిగారిది గూడూరు వైపు అని ఇంట్లో మాట. ఏ రిపోర్టు సరైనది? ఈ వరస ఎక్కడ పుట్టి ఎటు పాకిందో ఎంతవరకు తేల్చవచ్చు? తద్దినంలో చెప్పే మూడు తరాల ఆడవాళ్ల పేర్లు నాన్నగారు రాసిపెట్టారు, అవి పనికొస్తాయా?

జవాబు (అడయార్)

ప్రస్తుతానికి రెండింటినీ పక్కన పెట్టండి. మొదటిది చూసింది తక్కువ. రెండోదానిలో డీఎన్ఏ తప్పు కాదు, ఫైలు తప్పయి ఉండాలి.

పాత రిపోర్టు సంగతి: 16223టీ అనేది ఎమ్ శాఖలో ఉంటుంది, ఎన్ అనే మరో పెద్ద శాఖలో ఆర్ కాని కొమ్మల్లోనూ ఉంటుంది, ఆఫ్రికా శాఖల్లోనూ ఉంటుంది. 16129 పదేపదే మారే చోటు, సంబంధం లేని కొమ్మల్లో విడివిడిగా మారింది. 16519 అయితే లెక్కలోకే తీసుకోరు. అంటే ఆ మూడు అంకెలతో ‘ఐ’ అనడానికి ఆధారం లేదు. ఐ శాఖ అయితే 16391ఏ కూడా ఉండాలి, మీరు రాసిన జాబితాలో అది లేదు.

కొత్త ఫైలు: వీసీఎఫ్‌ను మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పై వరసల్లో మైటోకాండ్రియా పొడవు ఎంతని ఉందో చూడండి. 16569 అని ఉంటే సరే. 16571 అని ఉంటే అది పాత హెచ్‌జీ19 (మనిషి జీనోమ్ ప్రామాణిక వెర్షన్)తో వచ్చిన ఆఫ్రికా నమూనా వరస. దానితో పోల్చినప్పుడు స్థానాలు ఒకటో రెండో పక్కకు జరుగుతాయి, పైగా మీలో లేని మార్పులు ఉన్నట్టూ ఉన్నవి లేనట్టూ కనిపిస్తాయి. హాప్లోగ్రెప్ 16569 అక్షరాల కేంబ్రిడ్జ్ ప్రామాణిక వరసను మామూలుగా ఆశిస్తుంది. నాణ్యత 0.6కి పడిపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

అంకెలను చేత్తో వెనక్కి జరిపి సర్దబోకండి, పొరపాటు ఖాయం. ల్యాబును బ్యామ్ ఫైలు (ప్రామాణిక వరసకు అమర్చిన రీడ్లు, అంటే యంత్రం చదివిన చిన్న ముక్కలు) గానీ ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (ఇంకా అమర్చని రీడ్లు) గానీ అడగండి. చాలా చోట్ల కొన్ని నెలలకే తుడిచేస్తారు కాబట్టి ఈ వారమే మెయిల్ పెట్టండి. బ్యామ్ వస్తే శామ్‌టూల్స్ అనే ప్రోగ్రాంతో మైటోకాండ్రియా భాగం మాత్రం విడదీసి, ఆ రీడ్లను 16569 వరసకు మళ్లీ అమర్చి, అప్పుడు కొత్త వీసీఎఫ్ తీయాలి. 30ఎక్స్ జీనోమ్‌లో మైటోకాండ్రియా మీద లోతు (ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారన్నది) వందల్లో, వేలల్లో ఉంటుంది, కాబట్టి ఖాళీలు రావు. నూటికి రెండు మూడు రీడ్లలో మాత్రమే కనిపించే మార్పును నమ్మొద్దు. న్యూక్లియస్ క్రోమోజోముల్లో చిక్కుకున్న పాత మైటోకాండ్రియా ముక్కలు అలా మోసం చేస్తాయి.

కొత్త ఫైలు చేతికొచ్చాక ముందు చూడాల్సినవి 489సీ, 10400టీ, 14783సీ. మూడూ ఉంటే ఎమ్ శాఖ, ఇక ఐ మాట లేదు. ఆ తర్వాతే 1888ఏ చూడండి. ఎమ్ లోపల 1888ఏ, 16129ఏ కలిస్తే ఎమ్5. ఈ క్రమం తప్పకూడదు, ఎందుకంటే 1888ఏ టీ శాఖలోనూ ఉంది. ఎమ్ కాకపోతే 10034సీ చూడండి, అది ఐకి గట్టి గుర్తు. 309, 315 దగ్గర అదనంగా చేరే ‘సీ’లను పక్కన పెట్టండి. 16189సీ ఉన్నవాళ్లలో 16182, 16183 దగ్గర కనిపించేవీ అంతే.

పాత రిపోర్టును మళ్లీ పరీక్షించాలనుకుంటే, హాప్లోగ్రెప్ అప్‌లోడ్‌లో పరిధి (ఏ స్థానం నుంచి ఏ స్థానం వరకు చదివారో) కచ్చితంగా ఇవ్వండి. పరిధి ఇవ్వకపోతే మొత్తం 16569 చదివినట్టు అనుకుని, చదవని చోట్లను కూడా ‘మార్పు లేదు’ అని లెక్కేస్తుంది.

జవాబు (మైలాపూర్)

తద్దినం పేర్ల గురించి నేను చెబుతాను, ఇక్కడ చాలామంది జారిపడతారు.

మాతృ వర్గంలో చెప్పేది తల్లి, పితామహి, ప్రపితామహి. అంటే అమ్మ, నాన్నమ్మ, తాతయ్య తల్లి. వీళ్లు ముగ్గురూ ఇంటికి వచ్చిన కోడళ్లు, మూడు వేర్వేరు వరసల వాళ్లు. మాతామహ వర్గంలో భార్యలతో కలిపి చెప్పినా మాతామహి ఒక్కతే మనకు కావాల్సిన మనిషి. ఆ తర్వాత వచ్చే మాతుఃపితామహి అమ్మకు నాన్నమ్మ, అమ్మమ్మకు అత్తగారు. కాబట్టి ఆ ఆరు పేర్లలో మైటోకాండ్రియా వరసకు చెందినవి రెండే: అమ్మ, అమ్మమ్మ. అమ్మమ్మ తల్లి పేరు ఏ మంత్రంలోనూ రాదు. గోత్రం, ఇంటిపేరు రెండూ తండ్రి వైపువే. ఆడవాళ్ల వరసలో ప్రతి తరానికీ ఇంటిపేరు మారిపోతుంది, అందుకే ప్రతి మెట్టులో పుట్టింటి పేరు, పుట్టిన ఊరు రాయాలి. ఈ తల్లుల పేర్లు ఇంత సులువుగా జారిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాగితాల్లో ఆడవాళ్లు దొరికే చోటు పసుపు కుంకుమ కింద రాసిన దానపత్రాలు. అందులో ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య అని రెండూ ఉంటాయి. ఆ భూమి ఉన్న ప్రాంతపు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతకాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆస్తిని బట్టి వస్తుంది, దానికి సర్వే నంబరు కావాలి. మీ దగ్గర నంబరు లేదు కాబట్టి ఇండెక్స్ 1లో పేరును బట్టి వెతకమని అడగండి. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇండెక్స్ 1 మనుషుల పేర్లతో, ఇండెక్స్ 2 ఆస్తి వివరాలతో రాస్తారు. అయిదారేళ్ల పరిధి చెప్పగలిగితే పని తేలిక. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో 1953కు ముందు మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న తెలుగు జిల్లాల ఫైళ్లు ఉన్నాయి, కానీ అవి ప్రభుత్వ స్థాయివి. మామూలు ఇంటి ఆడవాళ్ల పేర్ల కోసం ముందు అక్కడికి వెళ్లడం దండగ. క్రైస్తవ కుటుంబమైతే బాప్తిస్మ రిజిస్టర్లలో తల్లి పేరు ఉంటుంది.

మళ్లీ ప్రశ్న (వేళచ్చేరి)

ఫైలు చూశాను, 16571 అనే ఉంది. ఫాస్ట్‌క్యూ కోసం రాశాను. ఇంకో సంగతి: అమ్మమ్మ చెల్లెలి మనవడు అంబత్తూరులో ఉన్నాడు, మేనమామ కూడా ఉన్నారు. వాళ్ల నమూనా తీసుకోవచ్చా? ఇంట్లో మేనరికాలు చాలా ఉన్నాయి, లెక్క తప్పుతుందా?

జవాబు (పెరంబూర్)

మేనమామ నమూనా పూర్తిగా పనికొస్తుంది, ఆయనది మీ అమ్మమ్మ మైటోకాండ్రియానే. ఆయన పిల్లలది మాత్రం కాదు. అమ్మమ్మ చెల్లెలి మనవడు ఆమె కూతురి కొడుకైతే సరే, కొడుకు కొడుకైతే వద్దు.

మేనరికంలో లెక్క తప్పదు, ఒక్కో పెళ్లినీ విడిగా గీసుకుంటే చాలు. అక్క కూతురిని చేసుకున్న ఇంట్లో భార్యాభర్తలిద్దరిదీ ఒకే మైటోకాండ్రియా, ఎందుకంటే భర్త తల్లే భార్యకు అమ్మమ్మ. మేనత్త కూతురిని చేసుకుంటే భర్త నాన్నమ్మ వరస భార్య ద్వారా మళ్లీ అదే ఇంటికి వస్తుంది. మేనమామ కూతురిని చేసుకుంటే ఆమెది మేనమామ భార్య వరస, భర్తకు సంబంధం లేదు. ‘అత్త’ అనే ఒక్క మాటతో ముగ్గురు మనుషులను పిలుస్తాం కనుక చార్టులో చుట్టరికం మాటలు రాయొద్దు, ‘ఎవరి కూతురు’ అని రాయండి.

పెద్దవాళ్ల దగ్గర నమూనా తీసేటప్పుడు: లాలాజలం గీత వరకు, మామూలుగా 2 మిల్లీలీటర్లు, నురుగు లెక్క కాదు. అరగంట ముందు నుంచి కాఫీ, తాంబూలం ఏవీ వద్దు. తాంబూలం అలవాటున్నవాళ్లు నోరు బాగా పుక్కిలించి, ఆ తర్వాత అరగంట ఆగాలి. నోరు ఎండిపోయే వయసులో బుగ్గలు బయటి నుంచి మెల్లగా మర్దనా చేస్తే ఊరుతుంది. అది కుదరకపోతే బుగ్గ లోపల స్వాబ్ తీసి, గాలికి ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టండి. చెన్నై ఉక్కకు ప్లాస్టిక్ కవరులో పెడితే బూజు పడుతుంది. ఎముక మజ్జ మార్పిడి అయినవాళ్ల నమూనా వద్దు, దాత డీఎన్ఏ వస్తుంది. పోయినవాళ్ల సవరం ఉంది కదా అని కొందరు అడుగుతారు. కుదురు లేని వెంట్రుకలోనూ మైటోకాండ్రియా డీఎన్ఏ ఉంటుంది, కానీ మామూలు కిట్లు దాన్ని చదవలేవు, పైగా సవరంలో జుట్టు ఎవరిదో చెప్పలేం.

ముందు అంగీకారం తీసుకోండి. పూర్తి వరసలో 1555జీ లాంటివి బయటపడవచ్చు. అది ఉన్నవాళ్లకు జెంటామైసిన్ జాతి యాంటీబయాటిక్ మందులతో చెవుడు వచ్చే ప్రమాదం ఉంది, అది ఆ తల్లి వరసలో అందరికీ సంబంధించిన విషయం. అందుకే పూర్తి ఫాస్టా ఫైలును (మొత్తం వరస ఉన్న ఫైలును) గుంపులో పెట్టకండి.

జవాబు (అడయార్)

మూలం, వ్యాప్తి గురించి అడిగారు. ఎమ్5 అని తేలినా ‘గూడూరు నుంచి వచ్చిన వరస’ అని రాయలేరు. ఎమ్5 వయసు వేల ఏళ్లు, గూడూరు మాట నాలుగైదు తరాలది. రెండింటినీ వేర్వేరు కాగితాల మీద పెట్టుకోండి.

ఈ రోజు ఒక శాఖ ఎక్కువగా కనిపించే చోటే దాని పుట్టిల్లు అనుకోవడం పెద్ద పొరపాటు. చూడాల్సింది కొమ్మల వైవిధ్యం. ఎమ్5 కొమ్మలు ఎన్నో రకాలు భారత ఉపఖండంలో ఉన్నాయి. యూరప్‌లోని రోమా ప్రజల్లో దొరికేది ఎమ్5ఏ1 లాంటి లోపలి కొమ్మ. దాన్నిబట్టి ఇటు నుంచి అటు వెళ్లిందని చెప్పగలం, అటు నుంచి ఇటు అనలేం. నమూనాలు సేకరించని చోటు ఖాళీ చోటు కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2005లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ) పరిశోధకులు అండమాన్ తెగల్లో ఎమ్31, ఎమ్32 శాఖలను వివరించినప్పుడు ప్రధాన భూభాగంలో దగ్గరి చుట్టాలు కనిపించలేదు. తర్వాత పశ్చిమ బెంగాల్ రాజబంశీల్లో ఎమ్31 కొమ్మ దొరికింది.

వయసు లెక్కకు వాడే సగటు వేగం: మొత్తం మైటోకాండ్రియాలో సుమారు 3,624 ఏళ్లకు ఒక మార్పు. తరానికి పాతికేళ్లు అనుకుంటే దాదాపు 145 తరాలు. కాబట్టి ఇద్దరి వరసలు అక్షరం తేడా లేకుండా కలిసినా దగ్గర చుట్టాలని కాదు, ఉమ్మడి తల్లి వెయ్యేళ్ల కిందటి మనిషి కావచ్చు. తేడా ఉంటే మాత్రం అది గట్టి సమాచారం.

మీ పని క్రమం ఇదీ. కొత్త ఫైలు హాప్లోగ్రెప్‌లో వేసి 0.9 పైన రావాలి. కొమ్మ పేరు కంటే కింద మిగిలే సొంత మార్పుల జాబితా ముఖ్యం, దాన్ని విడిగా రాసుకోండి. ఆ మార్పులున్న వరసలను జెన్‌బ్యాంక్‌లో (అందరికీ తెరిచి ఉన్న డీఎన్ఏ వరసల భాండాగారంలో) వెతికి, ఒక్కోదాని దేశం, ప్రాంతం పక్కనే రాయండి. తర్వాత అంబత్తూరు మనవడి నమూనా. ఆయన మీ వరసతో సరిపోతే అమ్మమ్మ తల్లి వరకు చార్టుకు బలం చేకూరినట్టే, అయితే అదొక్కటే రుజువు కాదు. రెండు కన్నా ఎక్కువ తేడాలుంటే డీఎన్ఏను అనుమానించే ముందు, ఆ ఇంట్లో పెంపుడు కూతురో రెండో భార్య కూతురో ఉన్నారేమో మర్యాదగా అడిగి చూడండి.