కరివేపాకు పురుగుల్లో ఒకటి ఎర్ర మచ్చలతో వచ్చింది, ఎందుకు?

మేడతోట, గుంటూరు:

అందరికీ నమస్కారం. మా మేడ మీద కుండీలో ఒక కరివేపాకు మొక్క ఉంది. తొలకరి తరువాత చిగురు వేసింది, వెంటనే గొంగళి పురుగులు పట్టాయి. మొదట పక్షి రెట్టలనుకుని నీళ్లు కొట్టబోతే కదిలాయి! పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాపి ఘాటైన వాసన వదులుతాయి. "చారులోకి రెబ్బ దొరకడం లేదు, నువ్వు పురుగుల్ని మేపుతున్నావా" అని మా అత్తగారు వారం రోజులు సాధించారు. ఆవిడకు తెలియకుండా తొమ్మిదింటిని గాజు సీసాలో వేసి, మూతికి పాత చీర ముక్క కట్టాను.

రెండు గూళ్లు నల్లబడి, వాటికి చిన్న చిల్లులు పడి, సన్నటి కందిరీగల్లాంటివి బయటికి వచ్చాయి. ఆరు సీతాకోకచిలుకలు నల్లటి రెక్కల మీద అడ్డంగా తెల్ల చుక్కల వరుసతో వచ్చాయి. తొమ్మిదోది వేరు. వెనక రెక్క మధ్యలో తెల్ల మచ్చ, అంచున ఎర్రటి నెలవంకలు. ఒకే మొక్క మీద రెండు జాతులు గుడ్లు పెట్టాయా? సీసాను ఎండ తగిలే కిటికీలో పెట్టినందుకు రంగు మారిందా? వేసవి అంతా ఒక్క పురుగూ ఎందుకు కనబడలేదు?

పొలంగట్టు:

అమ్మా, మీ సీసాలోవన్నీ ఒకే జాతి, కామన్ మార్మన్. ఎర్ర మచ్చలది ఆడది. ఈ జాతిలో మగవాటికి ఒకటే వేషం. ఆడవాటికి మన వైపు మూడు. ఒకటి అచ్చం మగదానిలా ఉంటుంది. రెండోది కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలా, మూడోది క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో దానిలా. ఆ రోజ్‌లు రెండూ విషపు మొక్క తిని పెరుగుతాయి కాబట్టి, ఒకసారి రుచి చూసిన పక్షి మళ్లీ వాటి జోలికి పోదు. కరివేపాకు తిని పెరిగిన మీ ఆడది ఆ భయాన్ని వాడుకుంటోంది. ఈసారి ఒంటిని చూడండి. అసలైన రోజ్‌కు ఒళ్లూ ఎర్రగా ఉంటుంది, దీనికి నల్లగానే ఉంటుంది. రెక్కల వరకే నటన!

ఇది ఎండ వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది. కీటకాల్లో ఆడ, మగ లక్షణాలను తీర్చిదిద్దే డబుల్‌సెక్స్ అనే జన్యువే ఈ వేషాన్నీ నడిపిస్తుందని 2014లో తేలింది. వేషం వేయించే రూపంలో ఆ జన్యువున్న ముక్క క్రోమోజోములో తలకిందులుగా ఉంటుంది. అందుకే తరం మారేటప్పుడు తునకలు కాకుండా మొత్తంగా దిగుతుంది. సగం వేషం పనికిరాదు కదా. ఒక్క ప్రతి ఉన్నా ఆడదానిలో వేషం బయటపడుతుంది. మగది దాన్ని మోస్తుంది కానీ చూపించదు. కాబట్టి తల్లి రెక్కలు మామూలుగా ఉన్నా, తండ్రి ద్వారా ఎర్ర మచ్చల కూతురు పుట్టవచ్చు.

వేసవి మాటకొస్తే, ఈ పురుగులకు లేత ఆకు కావాలి. ఎండల్లో మీ మొక్క చిగురు వేయకపోతే గుడ్లు పెట్టడానికి ఎవరు వస్తారు?

వరిచేను, నిజామాబాద్:

పొలంగట్టు గారు చెప్పింది మార్మన్ విషయంలో నిజం. కానీ వాతావరణాన్ని బట్టి వేషం మార్చేవీ ఉన్నాయి. సాయంత్రం దీపాల దగ్గరికి వచ్చే గోధుమరంగు సీతాకోకచిలుక ఈవెనింగ్ బ్రౌన్, అది పురుగు దశలో వరి ఆకులు తింటుంది. వానాకాలం పుట్టిన వాటి రెక్కల అంచున కళ్లలాంటి చుక్కలు బారులు తీరి ఉంటాయి. ఎండు రోజుల్లో పుట్టినవి కళ్లు లేకుండా రాలిన ఆకులా ఉంటాయి. పురుగుగా ఉన్నప్పుడు తగిలిన వేడి, తేమలే అది తేలుస్తాయి, జన్యువులు అవే. పచ్చగడ్డిలో తిరిగేటప్పుడు బల్లి ఆ కంటి చుక్కను పట్టుకుంటే రెక్క చినుగుతుంది, ప్రాణం దక్కుతుంది. ఎండుటాకుల్లో కదలకుండా కూర్చునే కాలంలో ఆ చుక్కలుంటే ఇట్టే దొరికిపోతుంది.

నిమ్మతోట, గూడూరు:

మీకు ముచ్చటగానే ఉంటుంది. మా నర్సరీలో నిమ్మ అంట్లు తెల్లారేసరికి ఈనెలు మిగులుతాయి. సీతాకోకచిలుకలు తగ్గిపోతున్నాయని అంటుంటారు, మా దగ్గర మాత్రం తగ్గలేదు.

పొలంగట్టు:

మీ బాధ న్యాయమైనది. మీ అంట్లను తినేది ఎక్కువగా దీని దాయాది, నిమ్మ సీతాకోకచిలుక. లేత అంట్ల మీద పురుగుల్ని చేత్తో ఏరేయండి, తప్పు లేదు. కానీ తోటంతా మందు కొడితే ఆ అమ్మాయి సీసాలో వచ్చిన కందిరీగలూ పోతాయి. పురుగుల్ని అదుపులో పెట్టేవి అవే.

మార్మన్‌కు కరువు లేదు, నిమ్మా కరివేపా ఉన్నంతకాలం ఉంటుంది. నా దిగులు రోజ్‌ల గురించి. వాటి పురుగులకు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు, ఆ కుటుంబం మొక్కలే ఆహారం. గాడిదగడపాకు నల్లరేగడి గట్ల మీద పాకే మొక్క. మా ఊళ్లో పత్తిచేల గట్లన్నిటికీ కలుపు మందు కొడుతున్నారు. నేను నడిచే దారిలో ఇప్పుడు ఒక్క శ్మశానం గోడ పక్కనే మిగిలింది.

అసలు లేనిచోట నకలును చూసి పక్షి ఎందుకు భయపడుతుంది? జపాన్‌లోని మియాకో దీవిలో ఇది తలకిందులుగా జరిగింది. 1970ల్లో కామన్ రోజ్ అక్కడికి చేరి స్థిరపడ్డాక, దాని వేషం వేసే మార్మన్ ఆడవాటి వాటా పెరుగుతూ వచ్చింది. మన దగ్గర గట్లు నున్నగా అయిపోతే లెక్క ఎటు పోతుందో ఊహించుకోండి. మీ కరివేపాకు మీదున్న జన్యువుకు కాపలా ఎవరిదో చేను గట్టు మీద ఉంది.

మేడతోట, గుంటూరు:

ధన్యవాదాలండీ. ఒళ్లు నల్లగానే ఉంది, ఫొటో పెద్దది చేసి చూశాను. గాడిదగడపాకు కుండీలో బతుకుతుందా?

పొలంగట్టు:

బతుకుతుంది, ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలవకూడదు. ఒక్క హెచ్చరిక. పాత రోజుల్లో పిల్లలకు నులిపురుగులకని ఆ ఆకు రసం పట్టేవారు. అందులోని విషం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. ఎవరు చెప్పినా నోట్లో పెట్టనివ్వకండి. కరివేపాకు కుండీకి దూరంగా పెట్టండి, మీ అత్తగారు పొరపాటున చారులో వేయకుండా.

మేడతోట, గుంటూరు:

ఆవిడకు ఇప్పుడు అంతా తెలిసిపోయింది. ఇవాళ పొద్దున కొత్త చిగురు మీద రెండు గుడ్లు ఆవిడే చూపించారు. చారులోకి పక్కింటి నుంచి రెబ్బలు తెచ్చుకున్నాం.