నాకు పని నేర్పిన మేస్త్రీకి ఇప్పుడు నేను మేనేజర్‌ని, ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరి, నాలుగు నెలల క్రితం మేనేజర్‌నయ్యాను.

మా పెద్ద మేస్త్రీని నేను బాబాయ్ అని పిలుస్తాను. గెలాక్సీ రాయిలో (మెరిసే చుక్కలుండే నల్ల గ్రానైట్) సన్న పగులు ఎక్కడుందో తట్టి చూసి చెప్పడం నేర్పింది ఆయనే. కానీ క్రేన్ స్లాబు ఎత్తేటప్పుడు కుర్రాళ్లను దాని పక్కనే నిలబెట్టి చేత్తో పట్టించే అలవాటు ఆయనది. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న రెండు సెంటీమీటర్ల స్లాబు 300 కిలోలకు పైనే తూగుతుంది. జారితే తప్పుకునే టైం ఉండదు. తాడు కట్టి దూరం నుంచి తిప్పమంటే "ముప్పై ఏళ్లుగా ఇట్నే చేస్తన్నాం, ఏమైంది?" అంటాడు.

పోయిన వారం ఒక స్లాబు జారింది. ఒడిశా కుర్రాడి కాలికి జానెడు దూరంలో పడింది. టెన్షన్‌లో అందరి ముందు బాబాయ్ మీద అరిచాను. అది నా తప్పే. ఆయన రెండు రోజులు పనిలోకి రాలేదు. వచ్చాక నాతో మాట్లాడటం లేదు, మిగతా వాళ్లూ ఆయన వైపే. ఓనర్ని అడిగితే, కంటైనర్ లోడింగ్ ఆగకూడదు, నువ్వే చూసుకో అన్నారు.

ఇంటికెళ్లి క్షమాపణ అడగాలనుంది. కానీ అడిగితే తాడు సంగతి కూడా వదిలేశాననుకుంటాడేమో. కొత్త కుర్రాళ్లకు జాగ్రత్తలు నేర్పే బాధ్యత ఆయనకే అప్పగిస్తే మారతాడా? ఇలాంటి పరిస్థితి దాటినవాళ్లు మొదటి మాట ఎలా మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.