దెబ్బతిన్న రక్తనాళానికి చేరే ప్రొజెనిటర్ (పూర్వగామి) కణాలు నిజంగా గోడలో భాగమవుతాయా?

రక్తనాళాల రిపేర్ గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను, ఈ రంగం తెలిసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

నాకు అర్థమైనంతవరకు, కణజాలంలో ఆక్సిజన్ తగ్గితే హెచ్‌ఐఎఫ్-1 అనే ప్రొటీన్ చురుకై ఎస్‌డీఎఫ్-1 అనే కీమోకైన్‌ని (కణాలను తనవైపు రప్పించే సంకేత ప్రొటీన్‌ని) పెంచుతుంది, గాయానికి అతుక్కున్న ప్లేట్‌లెట్లు కూడా దాన్ని వదులుతాయి, ఒంటి మీద సీఎక్స్‌సీఆర్4 గ్రాహకం ఉన్న కణాలు అటువైపు కదులుతాయి. ఎముక మజ్జలోంచి అవి బయటపడటానికి వీఈజీఎఫ్ అనే వృద్ధి కారకం, నైట్రిక్ ఆక్సైడ్, ఎంఎంపీ-9 అనే ఎంజైమ్ సాయపడతాయి. ఇంతవరకు బాగానే ఉంది.

1997లో అసహారా బృందం పెద్దవాళ్ల రక్తంలో ఇలాంటి ప్రొజెనిటర్ కణాలు (ఈపీసీలు) ఉన్నాయని చూపించాక, అవే వచ్చి నాళానికి కొత్త లోపలి పొరగా (ఎండోథీలియంగా) మారతాయని చాలా చోట్ల రాశారు. కానీ తర్వాతి పరిశోధనలు చూస్తే, ల్యాబ్‌లో కొద్ది రోజుల్లోనే పెరిగే "ఈపీసీ"ల్లో ఎక్కువ భాగం మోనోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) జాతివేనని, అవి వృద్ధి కారకాలు స్రవించి పక్కనున్న ఎండోథీలియల్ కణాలే విభజన చెందేలా చేస్తాయని, స్వయంగా నాళం కట్టగలిగేవి ఈసీఎఫ్‌సీలనే చాలా అరుదైన కణాలని ఉంది. ఈ రెండో మాటే నాకు సబబుగా అనిపిస్తోంది.

అలాంటప్పుడు ఎస్‌డీఎఫ్-1 పిలుపుకి వచ్చేవి ఏ కణాలు? సీఎక్స్‌సీఆర్4 మోనోసైట్ల మీదా ఉంటుంది, సీడీ34 అనే మార్కర్ (కణాన్ని గుర్తుపట్టే ప్రొటీన్) రక్త మూలకణాల మీదా ఉంటుంది, మరి వీటిని నమ్మకంగా విడదీసే మార్కర్లు ఏవి? మైక్రోస్కోప్ కింద గోడకి ఆనుకుని ఉన్న కణాన్నీ గోడలో కలిసిపోయిన కణాన్నీ ఎలా వేరుచేస్తారు? ఇంకొకటి, రక్తం జోరుగా పారే ధమనిలో కీమోకైన్ కొట్టుకుపోకుండా ఎలా నిలుస్తుంది, ఎండోథీలియం ఊడిపోయిన చోట దాన్ని పట్టి ఉంచేది ఏది?